గంజి పడిన మచ్చ

పాప తల మీంచి తీసిన ఊలు టోపీ మా అప్ప చేతిలోనే ఉండిపోయింది.

ఎర్రనీళ్ళ పళ్ళెం గుమ్మం పక్కన అరుగు మీద సిద్ధంగా ఉంది. పురుడు పోసుకుని మూడో నెలలో బిడ్డతో వచ్చిన కోడలికి దిష్టి తీసి లోపలికి పిలవాలి. దానికి పుణ్యస్త్రీ కావాలి. భార్య పోయిన ఇల్లు నాది. అందుకని మా పెద్దక్క అసిరమ్మప్పని టెక్కలి నుంచి నేనే రప్పించాను.

పిల్లకి నల్లటి జుత్తు. నుదుటి పైన, సరిగ్గా మధ్యలో, రెండు వేళ్ళ వెడల్పున తెల్లటి పాయ. దాని కింద నుదుటి మీద చిన్న తెల్లమచ్చ.

"ఇదేటే?" అంది అప్ప.

కోడలు శ్రావణి పాపని ఇంకో భుజానికి మార్చుకుంది. ఆమె తల్లి రాణి అందుకుంది. "పుట్టుకతోనే ఉన్నాదమ్మా. శ్రీకాకుళంలో సర్మం డాక్టరమ్మకి సూపించినాం. రోగం కాదన్నాది."

"రోగమని నానన్నానేటి? ఇదేటి అని అడుగుతన్నాను."

నాకు అప్పుడు ఫోటోలు గుర్తొచ్చాయి. మూడు నెలల్లో ఫోన్లో చాలా వచ్చాయి. అన్నిట్లోనూ టోపీ ఉంది. జులై ఉక్కలో ఊలు టోపీ ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు. అడగవలసింది.

వాళ్ళని తీసుకొచ్చిన ఆటో వాకిట్లోనే ఉంది. డ్రైవరు ఎల్లాజీ వాళ్ళ ఊరివాడే. సంచులు దింపి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

వాడికీ ఉంది. నుదుటి పైన, సరిగ్గా మధ్యలో, తెల్లటి పాయ.

అప్ప పిల్లని చూసింది. వాణ్ణి చూసింది. మళ్ళీ పిల్లని చూసింది. ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"ఏటి తల్లీ అలగ సూస్తన్నారు?" అన్నాడు ఎల్లాజీ నవ్వుతూ. "ఇది మంచి గురుతు. మా తాతకుండీది, మా అయ్యకున్నాది, నాకున్నాది. మా ఇంట్లో ఎవులో ఒకరికి వస్తానే ఉంటాది. ఏటీ కాదు."

మంచికే అన్నాడు. అంతకంటే చెడ్డ మాట ఆ పూట ఎవరూ అనలేరు.

అప్ప పళ్ళెం ఎత్తి, నీళ్ళు తీసుకెళ్ళి కాలవలో పోసింది. ఖాళీ పళ్ళెం బోర్లా పెట్టింది.

"ఒరే జగన్నాధం, నువ్వేటంటావు?"

ఎల్లాజీ తండ్రి నరసింగరావు నాకు తెలుసు. శ్రీముఖలింగం దాటాక ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊరు మా అత్తవారిది కూడా. నా భార్య ఈశ్వరి పుట్టిల్లూ, ఆ నరసింగరావు ఇల్లూ గోడకి గోడ. ఆ ఊరి పిల్లని కోడలిగా తెచ్చుకుందామని పట్టుబట్టింది కూడా ఈశ్వరే.

"నా కూతురు ఏ తప్పూ సెయ్యలేదు అన్నయ్యా," అంది రాణి.

"తప్పని ఎవరన్నారు చెల్లెమ్మా?"

"అనకపోతే నీళ్ళెందుకు పారబోసినారు?"

నా కొడుకు మురళీమోహన్ మోటారుసైకిలు పక్కన నిలబడి తాళం చెవిని వేలికి తిప్పుతున్నాడు. పెళ్ళాన్ని చూడడం లేదు. బిడ్డని అంతకన్నా చూడడం లేదు.

శ్రావణి అరుగు మీద కూర్చుంది. కొంగు పిల్ల తల మీద కప్పలేదు. "మీరు పిలిస్తేనే లోపలికి వస్తాను మావయ్యా. పిలవకపోతే పిలవనని మీ నోటితో సెప్పండి. అందాకా ఇక్కడే కూకుంటాను."

నేను కండువా భుజాన వేసుకుని పొలం వెళ్ళిపోయాను.

*

ఊరి దిగువన నాలుగెకరాలు. విత్తనం కోసం వేసిన వరి. మామూలు చేను వేరు, విత్తనం చేను వేరు. ఇందులో ఒక్క మొక్క తేడాగా ఉన్నా దాని గింజ పది మంది చేలలోకి పోతుంది. అలాంటి మొక్కల్ని కేళీలంటాం. పొట్ట విచ్చి వెన్ను బయటపడే రోజుల్లో సాలుసాలుకీ దిగి కేళీలు ఏరాలి. విత్తనాల ఇన్‌స్పెక్టరు వచ్చేలోపు చేను ఒక్క రకంగా కనపడాలి.

ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను. నా చేనుని ఎవరూ తిప్పి పంపలేదు. నా కంటికి కేళీ దొరక్కుండా పోదు.

మా పాలేరు లక్ష్ముడు అప్పటికే సాలులో ఉన్నాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు. కబురు నాకంటే ముందే పొలం చేరిందని తెలిసింది.

"ఏటిరా?"

"ఏటీ నేదు బాబూ. ఆ మూల రెండు పీకినాను."

"ఊళ్ళో ఏటనుకుంటన్నారు?"

"ఊరన్నాక ఏదో అనుకుంటాది బాబూ. మా ఇంటిది కూడా అడిగినాది, పాపది తండ్రి పోలికా తల్లి పోలికా అని. ఆటో పోలిక అని పక్కింటిది నవ్వినాది." అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"పని చూసుకో."

మురళి గట్టు మీదుగా వచ్చాడు. లక్ష్ముణ్ణి చూసి కాస్త దూరంగా ఆగాడు. నేనే అటు నడిచాను.

వాడు సాలూరులో లారీల ఆఫీసులో పని చేస్తాడు. లోడ్లు ఎక్కించి పంపడం. పదిహేను రోజులకి ఒకసారి వస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. వాళ్ళమ్మ పోలికే. ఎదురు తిరగడు, లోపల దాచుకుంటాడు.

"నాన్నా, పోయినేడు దసరాకి అది పుట్టింట్లో పన్నెండు రోజులున్నాది."

"అయితే?"

"నాను ఒక్క రోజే ఎల్లినాను. లోడింగులు ఎక్కువై రాలేకపోనాను. పాప జులైలో పుట్టినాది."

వేళ్ళ మీద నెలలు లెక్క పెట్టనవసరం లేదు. నేను పొలంలోకి వచ్చేలోపే పెట్టేశాను.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"పదకొండో రోజు. నీళ్ళు పోస్తుంటే సూసినాను."

"మూడు నెలలు నోరు మూసుకు కూర్చున్నావా?"

"నీకు సెప్తే ఏటవుతాదో తెలుసు గదా."

ఆ మాట నాకు నచ్చలేదు. పట్టించుకోలేదు. ఎదురుగా సాలులో ఒక మొక్క కనపడింది. మిగతా చేనుకంటే జానెడు ఎత్తు. వెన్ను ఎరుపు తిరిగి ఉంది. గింజ కొసన మీసాలు. నిన్న ఇదే సాలు తిరిగాను. నిన్న కనపడలేదు. దుబ్బు పట్టుకుని వేళ్ళతో సహా లాగాను.

"టెస్టు సేయిద్దాం నాన్నా. విశాఖపట్నంలో సేస్తారట. రక్తం తీసి ఎవరి బిడ్డో సెప్పేస్తారట. కాదని తేలితే..."

"తేలితే?"

వాడు గట్టు మీద మట్టిని కాలితో రాస్తూ నిలబడ్డాడు. "అది ఎవరి బిడ్డయితే ఆడి గుమ్మంలోకే పోతాది. నా గుమ్మం తొక్కదు."

నేను సరే అన్నాను. నాకూ అదే న్యాయంగా తోచింది.

*

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. శ్రావణి ఉన్నచోటే ఉంది. ఎండ పడకుండా రాణి తన చీర ఒకటి చూరుకి కట్టింది. మా అప్ప వాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇచ్చినట్టు లేదు. ఎదురింటివాళ్ళ చెంబు అరుగు మీద ఉంది. ఎల్లాజీ ఆటోని వీధి చివర బోరింగు దగ్గర పెట్టుకుని, తువ్వాలు తలకి గట్టిగా చుట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఇప్పుడు అర్థమయింది.

కేళీ మొక్క నా చేతిలోనే ఉంది. గట్టు మీద పారెయ్యడం మరిచిపోయాను.

శ్రావణి దాన్ని చూసింది. ఆ పిల్ల డిగ్రీలో మొక్కల చదువు చదివింది. వచ్చిన కొత్తలో నా వెంట చేలో తిరిగేది. "ఎందుకు పీకినారు మావయ్యా?"

"తేడాగా ఉన్నాది."

"ఎలగొచ్చింది?"

అది నాకు తెలిసిన విద్య. చెప్పాను. పోయినేటి గింజ రాలి మొలిచి ఉండొచ్చు. సంచిలో వేరే విత్తనం కలిసి ఉండొచ్చు. పక్కచేను పుప్పొడి గాలికి వచ్చి ఉండొచ్చు.

"మూడూ బయటినుంచి వచ్చినవే. నాలుగోది సెప్పలేదు."

"నాలుగోదేటి?"

"దానిలోంచే మారొచ్చు. ఎవరూ కలపలేదు, ఎవరూ తేలేదు. ప్రతి గింజలోనూ ఒక రాత ఉంటాది, మొక్క ఎలగుండాలో. తల్లి మొక్క ఆ రాతని సూసి రాసి పిల్లకిస్తాది. కోట్ల అక్షరాలు. ఎక్కడో ఒక అక్షరం తప్పు పడతాది. ఇంక ఆ తప్పు దాని పిల్లలకీ, ఆటి పిల్లలకీ పోతానే ఉంటాది."

"తప్పయితే పీకవలసిందే."

"అందరూ మీలాగ పీకీసుంటే మీ చేలో ఈ పొట్టి వరి ఎక్కడిది? మీ తాతగారి నాటి వరి గాలొస్తే పడిపోయీది. ఎక్కడో ఒక మొక్క ఇలగే తేడాగా, పొట్టిగా మొలిచింది. దాన్ని ఎవరో ఉంచినారు. గాలికి నిలబడింది. దాని పిల్లల పిల్లలే ఇయ్యాల మన చేలన్నీ."

"కొత్త కతలు సెప్తన్నాది," అంది అప్ప గుమ్మంలోంచి. "వరికి మొగుడూ పెళ్ళామూ ఉంటారేటే? వరి పుట్టింటికెల్లి పన్నెండు రోజులుంటాదేటే?"

ఎదురింటి అరుగు మీద ఎవరో నవ్వు ఆపుకున్నారు.

శ్రావణి మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెరగలేదు. "డాక్టరమ్మ సెప్పింది సెప్తాను, వినండి పెద్దమ్మా. ఇలగ పాయ తెల్లగా ఉండడం రాతలోని తప్పే. రక్తంలో వస్తాది. తల్లికుంటే బిడ్డకి రావొచ్చు, తండ్రికుంటే రావొచ్చు. వస్తే రావొచ్చు, రాకపోతే లేదు, సగానికి సగం. ఇద్దరికీ లేకపోతే ఈ బిడ్డలోనే కొత్తగా మొదలై ఉండొచ్చు. నన్ను అరగంట సూసినాది. నాకెక్కడా లేదు."

"నీకు లేదు. నా మేనల్లుడికి లేదు." అప్ప వీధి చివరికి చూసింది. "ఉన్నోడు అల్లక్కడ కూకున్నాడు."

"టెస్టు సేయిద్దాం," అన్నాడు మురళి.

మూడు నెలల తరవాత భార్యతో వాడు అన్న మొదటి మాట అది కావచ్చు. శ్రావణి వాడివైపు తిరిగింది.

"సేయిద్దాం. మీరు అడుగుతారని నాను పదకొండో రోజునుంచీ సూస్తన్నాను. నీళ్ళు పోస్తుంటే మీ మొహం సూడలేదనుకున్నారా? నాది తీస్తారు, మీది తీస్తారు, పాపది తీస్తారు. నాలుగోది కూడా తియ్యాలి."

"ఎవుడిది? ఎల్లాజీదా?"

"మావయ్యది."

పాప ఊం అని ఒళ్ళు విరిచింది.

"నాదెందుకు?" అన్నాను.

"మీ అబ్బాయి మోకాలి మీద మచ్చ ఉన్నాది."

"అది గంజి పడిన మచ్చ," అంది అప్ప వెంటనే. "ఊరందరికీ తెలుసు."

ఊరందరికీ తెలుసు. ఎందుకంటే నేనే ఊరందరికీ చెప్పాను. మురళి కూడా ఆ ఊళ్ళోనే పుట్టాడు. మూడో నెలలో ఈశ్వరి వాణ్ణి తీసుకొచ్చినప్పుడు ఎడమ మోకాలికి పసుపు రాసి గుడ్డ కట్టి ఉంది. ఏమిటని అడిగితే, వాళ్ళమ్మ గంజి వారుస్తుంటే ఒలికిందని చెప్పింది. నేను మర్నాడే వెళ్ళి మా అత్తని వాకిట్లో నిలబెట్టి అడిగాను. పసివాడి కాలు కాల్చిన చేతులతో ఇంకెప్పుడూ నా బిడ్డని ముట్టుకోవద్దన్నాను. ఆ ముసలిది తల వంచుకుని విన్నది, ఒక్క మాట అనలేదు. నేను ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు. ఆమె పోయినప్పుడు కూడా వీధిలోనే నిలబడి వచ్చేశాను. ఆ ఊళ్ళోనే జరిగిన మనవరాలి బారసాలకీ వెళ్ళలేదు.

"గంజి పడడం మీరు సూసినారా మావయ్యా?"

"ఈశ్వరి చెప్పింది."

శ్రావణి కుడి చెయ్యి చాచింది. మణికట్టు పైన పాత కాలిన గుర్తు. "ఇది మన వంటింట్లోదే. పెనం తగిలింది. సూడండి, నున్నగా ఉన్నాది. కాలిన సోట రోమం మొలవదు. ఈయన మోకాలి మీద మొలుస్తాది. ఆ మచ్చ మీద మట్టుకే తెల్లగా మొలుస్తాది."

"నువ్వెప్పుడు సూసినావే?" అంది అప్ప.

"మూడేళ్ళు కాపురం సేసినాను పెద్దమ్మా. అప్పుడప్పుడు దీపం కూడా ఉంటాది."

రాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ మచ్చ పుట్టుకతో వచ్చిందయితే, ఈ పాయ ఆయన ఇచ్చిందే. టెస్టు అక్కర్లేదు. కాదూ, కాలిందే అని మీరంటే, నలుగురికీ టెస్టు సేయించండి. ఎవరు ఎవరికి పుట్టినారో అన్నీ ఒకేసారి తేలిపోతాయి. సూసి సెప్పండి. మీరు ఏటి సెప్తే నాను దానికి కట్టుబడతాను."

మురళి నన్ను చూశాడు. తరవాత వంగి ఎడమ పాంటు మోకాలి పైకి లాగాడు.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. కూర్చున్నాను. మోకాలి చిప్ప కిందనుంచి పిక్క దాకా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తున్న మచ్చే. చూశాననుకున్న మచ్చ.

చుట్టూ రోమాలు నల్లగా ఉన్నాయి. మచ్చ మీదా ఉన్నాయి. వెలుగుకి అడ్డంగా తల తిప్పితే కనపడ్డాయి. సన్నగా, తెల్లగా, సాలు తీరినట్టు.

నేను లెక్క పెట్టలేదు. నా బుర్ర అప్పటికే ఇంకో చోటికి పోయింది. ఈ మచ్చ పుట్టుకతో వచ్చిందయితే వీడికి ఎవరిచ్చారు? నాకు లేదు. మా నాన్నకి లేదు, తాతకి లేదు. ఈశ్వరి ఎందుకు అబద్ధం చెప్పింది? వాళ్ళమ్మ ఎందుకు నోరు విప్పలేదు? గోడకి గోడ. ఆ నరసింగరావు తల.

అందరూ నా నోటికేసి చూస్తున్నారు.

"నున్నగా ఉన్నాది," అన్నాను. "కాలిన మచ్చే."

అప్ప ఊపిరి వదిలింది.

శ్రావణి నన్నే చూస్తోంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాలుగెకరాల్లో ఒక్క మొక్కని పట్టుకుంటాయి మావయ్యా మీ కళ్ళు," అంది. పాపని భుజాన వేసుకుని లేచింది. "అమ్మా, సంచులు తియ్యి. ఎల్లాజీ అన్నా, బండి తిప్పు."

*

ఆటో బోరింగు దగ్గర స్టార్టు కాక దగ్గుతోంది. అప్ప పొయ్యి వెలిగించడానికి లోపలికి పోయింది. పీడ వదిలినట్టు గిన్నెల చప్పుడు.

మురళి అరుగు మీదే ఉన్నాడు. పాంటు కిందికి దింపలేదు. మోకాలు మడిచి, వెలుగుకి పెట్టి, తలవంచి చూసుకుంటున్నాడు. పుట్టిన దగ్గరనుంచీ ఉన్న కాలు. మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

రెండు గోళ్ళతో పట్టి లాగాడు. లేచి వచ్చి నా ఎడమ అరచేతిలో పెట్టాడు.

"ఇదేటి నాన్నా?"

తెల్ల రోమం. గింజ మీసమంత ఉంది.

"నున్నగా ఉన్నాదన్నావు."

నేను గుప్పిట మూశాను.

"అమ్మకుండేదా?"

"ఏటి?"

"ఇలాటిది. తెల్లది. తలలోనో, ఒంటి మీదో. అమ్మకెక్కడైనా ఉండేదా?"

ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను. ఈశ్వరి పొద్దు పొడవకముందే లేచేది. పెరట్లో గోడవైపు తిరిగి తల దువ్వుకునేది. నేను లేచేసరికి జడ బిగించి, నడినెత్తి మీదికి కొంగు లాగి ఉండేది. తలకి గోరింటాకు పెట్టుకునేది, తరవాత్తరవాత ఏదో రంగు. ఆడవాళ్ళ పనులని నేను అటు చూడలేదు. కోపం వచ్చినప్పుడే ఈశ్వరిని చూశాను. లేనప్పుడు చూడవలసిన పని పడలేదు.

"తెలీదు," అన్నాను.

"తెలీదా?"

"తెలీదురా."

మురళి నవ్వాడు. నవ్వు కాదు అది. "నీకు లేదు. అమ్మకుందో లేదో నీకు తెలీదు. మరి ఆ ఎల్లాజీ వాళ్ళ నాన్న..." అక్కడ ఆగిపోయాడు. పొద్దున్న పొలంలో, అది ఎవరి బిడ్డయితే ఆడి గుమ్మంలోకే పోతాదని అన్నవాడు వాడే. ఇప్పుడు వాడు నిలబడిన గుమ్మంకేసి చూసుకున్నాడు.

ఆటో స్టార్టయిన చప్పుడు వినపడింది.

నేను వీధిలోకి దిగాను. పరిగెత్తలేదు. పరిగెత్తితే ఊరు చూస్తుంది. పెద్ద అంగలు వేశాను. ఎల్లాజీ నన్ను చూసి బండి ఆపాడు. నా మొహం చూడకుండా బ్రేకు చూసుకున్నాడు. తువ్వాలు కింద వాడి నుదురు, వాడి ముక్కు, వాడి దవడ చూశాను. మురళివి ఏమైనా ఉన్నాయా అని చూశాను. చూసినకొద్దీ ఉన్నట్టే ఉంది. ఇంకా చూస్తే లేనట్టు ఉంది.

శ్రావణి వెనక సీట్లో ఉంది. పాప నిద్రపోయింది. టోపీ పెట్టలేదు.

"మీ అత్తకి చెయ్యి పడిపోయాక తల నువ్వే దువ్వేదానివి," అన్నాను మెల్లగా.

"ఏడాది దువ్వినాను."

"రంగు?"

"రంగు కూడా నానే వేసినాను."

"ఎక్కడ వేసేదానివి? తలంతానా? ఒక్క చోటేనా?"

శ్రావణి పాప పాయని వేలితో పక్కకి దువ్వింది.

"ఈ మాట అడగడానికి మీకు ఇన్నేళ్ళు పట్టినాది. అత్తమ్మ బతికుండగా అడిగుంటే అత్తమ్మే సెప్పును."

"శ్రావణీ, చెప్పు."

"పాణం పోయే ముందు నెలలో అత్తమ్మ నాకొక మాట సెప్పినాది. గంజి మాట కూడా సెప్పినాది. మీకు సెప్పొద్దని నా సెయ్యి పట్టుకున్నాది."

"ఏటి చెప్పింది?"

"ముందు మోకాలి మీద మీరు ఏటి సూసినారో పెద్దమ్మ ముందర నిలబడి సెప్పండి. తరవాత నా బిడ్డకి దిష్టి తీసి లోపలికి పిలవండి. మీరే తియ్యండి. నట్టింట్లో కూకున్నాక సెప్తాను. వీధిలో సెప్పను."

"నువ్వు చెప్పేది నిజమని ఏటి నమ్మకం?"

"నమ్మకం లేదు మావయ్యా. ఈ ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఎల్లాజీ అన్నా, పది నిమిషాలు ఆగు. మావయ్య రాకపోతే పోదాం."

వెనక్కి నడిచాను. ఆ పిల్ల ఏదైనా చెప్పగలదు. చచ్చినదాని మాటకి సాక్ష్యం ఉండదు. బిడ్డ గుమ్మం ఎక్కాలంటే ఉన్నది లేదంటుంది, లేనిది ఉందంటుంది. ఈశ్వరి తల్లోనూ ఉండేదని చెపితే ఈశ్వరి బతికిపోతుంది. అది నిజమో, నా కోసం అల్లినదో నాకు తేలదు. ఇంకేదైనా చెపితే? దానికీ సిద్ధపడాలి. విశాఖపట్నం వెళ్ళి రక్తం ఇస్తే తేలేది వేరు. దానికంటే ఈ పిల్ల మాటే నయమేమో. నయమని ఎందుకు అనుకున్నానో తెలియదు.

అరుగు మీద బోర్లించిన పళ్ళెం తీసుకున్నాను. వంటింట్లోకి వెళ్ళాను. పసుపు డబ్బా ఎక్కడుంటుందో వెతకవలసి వచ్చింది. నీళ్ళు పోసి పసుపు కలిపాను. ఎడమ గుప్పిట విప్పకుండా, ఒక్క చేత్తోనే. సున్నం వెయ్యగానే నీళ్ళు ఎర్రబడ్డాయి.

పొయ్యి ముందు కూర్చున్న అప్ప లేచింది.

"ఒరే, మతి పోయిందేటి? పెళ్ళాం పోయినోడు ఎర్రనీళ్ళు పట్టకూడదురా. ఎవరికిరా అవి?"

నేను గుమ్మంవైపు కదిలాను. ఆమె వచ్చి గడపకి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక, అరుగు మీద, మురళి తల ఎత్తాడు.

కుడిచేత్తో పళ్ళెం ముందుకి చాపాను. అప్ప దాన్ని చూడలేదు. ఎడమచేతిని చూసింది.

"ఆ గుప్పిట్లో ఏటిరా?"